టెక్ సేల్స్ కొలువు వదిలి కన్సల్టెంట్‌గా మారితే... వరంగల్‌లో లెక్క కుదురుతుందా?

వరంగల్: మడికొండ ఐటీ పార్కులో టెక్ మహీంద్రా, సైయెంట్ కేంద్రాలు 2020 జనవరిలో మొదలయ్యాయి. 2023 అక్టోబర్‌లో క్వాడ్రంట్ వచ్చింది. కొలువులు ఊరికే వస్తున్నాయన్న ఆశ పెరిగింది. అయితే ఇలాంటి కేంద్రాల్లో ఎక్కువగా ఉండేది కోడింగ్, సర్వీసు పనే. సాఫ్ట్‌వేర్ అమ్మే సేల్స్ ఉద్యోగం కావాలంటే హైదరాబాద్, బెంగళూరు వెళ్లాల్సిందే.

ఆ ఉద్యోగాలకూ ఇప్పుడు పాత భరోసా లేదు. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతం, అంటే 12 వేల మందికి పైగా తగ్గిస్తామని ప్రకటించింది. వేటు ఎక్కువగా పడేది మధ్య, సీనియర్ స్థాయిల మీదేనని చెప్పింది. నలభై ఏళ్లు దాటినోళ్లకు ఇది గట్టి హెచ్చరిక. టార్గెట్ల ఒత్తిడి ఎలాగూ ఉంది. అందుకే 'సొంతంగా కన్సల్టింగ్ పెట్టుకుంటే పోలా' అన్న ఆలోచన.

వరంగల్‌లో పని లేదనలేం. ఎనుమాముల మార్కెట్ చుట్టూ పత్తి వ్యాపారం, రైస్ మిల్లులు, హన్మకొండ ప్రైవేట్ ఆస్పత్రులు, కాలేజీలు... బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఏది కొనాలి, ఎంతకు కొనాలి అని నిజాయితీగా చెప్పేవాళ్లు వీళ్లందరికీ అవసరమే. అమ్మకందారు ధర ఎక్కడ పెంచుతాడో, ఎక్కడ తగ్గుతాడో సేల్స్‌లో పనిచేసినోళ్లకు బాగా తెలుసు.

చిక్కు ఇక్కడే వస్తుంది. సలహా ఇచ్చినందుకు మిల్లు యజమాని దగ్గర ఫీజు, అమ్మించినందుకు కంపెనీ దగ్గర కమీషన్ తీసుకుంటే అది కన్సల్టింగ్ కాదు, ఏజెన్సీ. పన్ను చట్టం కూడా ఈ రెంటినీ వేరుగానే చూస్తుంది. టెక్నికల్ కన్సల్టెన్సీ వంటి వృత్తులకు, వసూళ్లు 50 లక్షల లోపు ఉంటే సగాన్నే ఆదాయంగా చూపే వెసులుబాటు ఉంది. కమీషన్ ఆదాయానికి అది వర్తించదు. చిన్న ఊళ్లో ఇంకో నష్టం కూడా ఉంది. ఒక్క మిల్లులో నమ్మకం పోతే, ఆ మాట మార్కెట్ అంతా తిరుగుతుంది.

రెండో చిక్కు చేతిలో డబ్బు. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లక్ష రూపాయల బిల్లుకు 18 వేల జీఎస్టీ అదనం. క్లయింట్ ఇంకా పైసా ఇవ్వకపోయినా, బిల్లు వేసిన నెల లెక్కలో ఆ పన్ను చూపి కట్టాలి. పైగా వృత్తి ఫీజులో 10 శాతం టీడీఎస్‌గా కోసుకుంటారు. రిటర్న్ వేశాకే అది లెక్కకొస్తుంది. జీతం ఒకటో తారీఖున పడుతుంది, ఫీజుకు తారీఖు ఉండదు.

దీనికి చట్టంలో కొంత రక్షణ ఉంది. ఉద్యమ్ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా ఉచితంగా నమోదు చేసుకుంటే, 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల లోపు చెల్లించాల్సిందే. లేకపోతే 15 రోజులే గడువు. ఆలస్యం చేస్తే ఫిర్యాదు చేయొచ్చు. అయితే తెలిసినోళ్ల మీద ఫిర్యాదుకు ఎంతమంది ముందుకొస్తారు? అందుకే సగం ఫీజు ముందే తీసుకోవడం మేలు.

పాత కంపెనీ ఒప్పందమూ చూసుకోవాలి. ఉద్యోగం మానేశాక అదే రంగంలో పనిచేయొద్దన్న షరతు 1872 కాంట్రాక్ట్ చట్టంలోని 27వ సెక్షన్ ముందు సాధారణంగా నిలవదు. కానీ కస్టమర్ల జాబితా, ధరల ఫైళ్లు వెంట తెచ్చుకుంటే మాత్రం కేసు తప్పదు. ఉద్యోగంలో ఉండగానే పోటీ పని మొదలుపెట్టినా అంతే.

పీఎఫ్‌లో యజమాని వాటా, కంపెనీ ఆరోగ్య బీమా కూడా రాజీనామాతోనే ఆగిపోతాయి. ఇంట్లో అమ్మానాన్నల మందుల ఖర్చు, పిల్లల ఫీజులు మాత్రం ఆగవు. కనీసం ఏడాది ఇంటి ఖర్చు పక్కన పెట్టుకుని, ఫీజు ఇచ్చే ఇద్దరు ముగ్గురు క్లయింట్లు కుదిరాక దిగితే ఇది మంచి దారి. బాస్ మీద కోపంతో దిగితే మాత్రం, ఆ కోపానికి మూల్యం కట్టేది ఇంటోళ్లే.