బంగారం లాంటి పిల్ల

"ఈమధ్య ప్రతి ఒక్కరికీ ఆటిజమే బాస్. రీల్స్ చూసి వాళ్లకి వాళ్లే తేల్చేసుకుంటున్నారు" అన్నాడు మొన్న లంచ్‌లో మా సీనియర్ ఆర్కిటెక్ట్ ఒకాయన. టేబుల్ చుట్టూ నవ్వులు. నాకు మాత్రం ముద్ద దిగలేదు.

మా పెద్దమ్మ కూతురుది పలమనేరు. బెంగుళూరులో టెస్టింగ్ లీడ్. నలభై ఒకటో ఏట అక్కకి ఆటిజం అని తేలింది. రీల్స్ చూసి కాదు. కొడుక్కి పరీక్షలు చేయిస్తూ, అక్కడిచ్చిన ఫారం నింపుతుంటే "ఇవన్నీ నావే కదా" అనిపించిందట. మొదట చూసిన డాక్టరు "పెళ్లయింది, ఉద్యోగం చేస్తున్నారు, నా కళ్లలోకి చూసి మాట్లాడుతున్నారు, మీకు ఆటిజమేంటమ్మా" అని నిద్రమాత్రలు రాసి పంపేశాడు. రెండోచోట సైకాలజిస్ట్ మాత్రం చిన్నప్పటి సంగతులు చెప్పేవాళ్లని తీసుకురమ్మంది. (పెద్దయ్యాక పరీక్షించినా లక్షణాలు చిన్నప్పట్నుంచీ ఉన్నట్టు తేలాలి. రీల్స్ చూసి తేల్చేసుకునేవాళ్లు మరిచిపోయేది ఇదే, అంతవరకు ఆర్కిటెక్ట్ గారితో నాకు పేచీ లేదు.)

పెద్దమ్మను తీసుకుపోయాం. ఆమె మొదలుపెట్టింది.

"నా బిడ్డకేమమ్మా, బంగారం. ఎన్నడన్నా ఎదురు మాట్లాడిందా? పెండ్లిండ్లకి పోతే అందురూ ఒకచోట ఉంటే ఇది మిద్దె మీదకి పొయ్యి పుస్తకం పట్టుకోని కూసుంటా ఉండె. కొత్త గుడ్డలేస్తే మాత్రం గుచ్చుకుంటాండాయని ఒకటే ఏడుపు. అన్నం ఎప్పుడూ అదే గిన్నెలో తినాల."

సైకాలజిస్ట్ రాసుకుంటూనే ఉంది. పెద్దమ్మ మాత్రం కూతుర్ని మెచ్చుకుంటున్నాననే అనుకుంటోంది.

నా మంట ఇక్కడే. మగపిల్లాడు మాట్లాడకపోతే ఆస్పత్రికి తీసుకుపోతారు. ఆడపిల్ల మాట్లాడకపోతే అణకువ అంటారు. ఇది మన జిల్లా వాళ్ల తెలివే అనుకునేరు! 1943లో లియో కానర్ వర్ణించిన 11 మంది పిల్లల్లో ఆడపిల్లలు ముగ్గురే. మరుసటేడు ఆస్పెర్గర్ వర్ణించిన నలుగురూ మగపిల్లలే. ట్రైనింగ్ డేటా అట్లా ఉంటే మోడల్ ఎట్లా తయారవుతుందో మనకి వేరే చెప్పాలా?

సర్టిఫికెట్టుకి వాడే ఇసా స్కేలు 2009లో సికింద్రాబాద్‌లోనే తయారైంది. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు, మొత్తం 70కి తగ్గితే ఆటిజం లేనట్టు. పిల్లల విషయంలో అది చేసిన మేలు కాదనను. కానీ అది కొలిచేది బయటికి కనబడే ప్రవర్తనని. ఎదుటివాళ్ల కళ్లలోకి చూడటం ముప్పై ఏళ్లు ప్రాక్టీస్ చేసిన మనిషికి అక్కడ ఎన్ని మార్కులు పడతాయి? అవుట్‌పుట్ సరిగ్గా వస్తోంది కదా అని సీపీయూ లోడ్ చూడకుండా టికెట్ క్లోజ్ చేసినట్టుంది. నేర్చుకున్న పద్ధతుల వెనక లక్షణాలు దాగిపోవచ్చని 2013లో వచ్చిన డీఎస్ఎం-5లోనే ఉంది మరి.

తిరుపతి గంగమ్మ జాతరలో వేషం కట్టినోళ్లు జాతర అయ్యాక కడిగేసుకుంటారు. అక్క వేషం రోజూ ఉంటుంది. "వీకెండ్ ఎట్లా గడిచింది?" అన్న ప్రశ్నకి నాలుగు జవాబులు ముందే రాసిపెట్టుకుని ఆఫీసుకి పోతుంది. సాయంత్రం ఇంటికొచ్చి లైటార్పి గంటసేపు నేలమీద పడుకుంటుంది. అది తలనొప్పి అనుకున్నాడు మా బావ, పదిహేనేళ్లు!

"మనమందరం కొంచెం ఆటిస్టిక్కే" అని ఓదార్చేవాళ్లకి చెప్పేదేమంటే, కాదు. మీరు అట్లా పడుకోరు.

ఇన్నాళ్లు బతికింది కదా, ఇప్పుడు తెలిసి ఏం లాభం అంటారా? అప్రైజల్లో "కమ్యూనికేషన్ ఇంప్రూవ్ చేసుకోవాలి" అని ఏటా రాస్తుంటే, తనది పొగరేమో అని తనే నమ్మింది. ఆ నమ్మకం పోయింది, అది చాలదా? 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది. ప్రతి సంస్థా సమాన అవకాశాల విధానం ప్రకటించాలని అదే చట్టం సెక్షన్ 21 చెబుతుంది, ప్రైవేటు కంపెనీలతో సహా. మీ కంపెనీది ఎప్పుడైనా చదివారా?

అక్క అడిగింది రెండే: మీటింగ్ అజెండా ముందురోజు మెయిల్లో, ప్యాంట్రీకి దూరంగా ఒక సీటు. "మీకిస్తే అందరూ అడుగుతారు" అన్నాడట మేనేజరు. అదే టీములో ఒక కుర్రాడు పొద్దస్తమానం పెద్ద హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎవరితోనూ పలకడు. అతను జీనియస్ అట, ఫోకస్ అట.

అక్క కూడా పోయిన నెల హెడ్‌ఫోన్స్ కొనుక్కుంది. రెండోరోజే అడిగారు, "ఏంటి మేడమ్, మా మీద కోపమా?" అని.