నర్సు చదువులో కోయమాట

నర్సు చదువంటే సూదిమందు వేయడం, కట్టు కట్టడమేనని చాలామంది అనుకుంటారు. బి.ఎస్సీ. నర్సింగ్ పాఠ్యప్రణాళికలో పరిశోధన కూడా ఉన్నది. విద్యార్థినులు జట్లుగా ఒక అంశం ఎన్నుకొని, వివరాలు సేకరించి, నివేదిక రాయాలి. అందుకు పట్టణం దాటి పోవలసిన పని లేకుండా ప్రశ్నపత్రం పంచి, టిక్కులు పెట్టించుకుంటే మార్కులైతే రావచ్చు.

భద్రాచలం ఏరియా ఆసుపత్రికి చర్ల, దుమ్ముగూడెం అడవిపల్లెల నుంచే గాక, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం వైపు నుంచీ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు నుంచీ గర్భిణులు వస్తారు. నర్సు చదివింది ఇంగ్లీషులో, అడిగేది తెలుగులో, తల్లికి వచ్చింది కోయ. ఏ నొప్పిని ఆమె ఏ మాటతో చెబుతుందో ఏ పాఠ్యపుస్తకంలో వెతకాలి? 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. నెలలు నిండిన స్త్రీని అటువంటి వరదకు ఎన్నాళ్ళ ముందు ఊరు దాటించాలి? మలేరియా మాత్రలు సగంలో మానేసేవారు ఎందుకు మానేస్తున్నారు? పరిశోధనకు ఇంతకన్న అంశాలు కావాలా!

పదిమంది విద్యార్థులకొక అధ్యాపకురాలు ఉండాలన్నది భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. సంఖ్య సరిపోయినా, గూడెం తొక్కని అధ్యాపకురాలు గూడెం గురించి ఏం బోధించగలదు?

కోయ వచ్చిన గిరిజన విద్యార్థిని ఇంగ్లీషు పుస్తకం దగ్గర తడబడుతుంది. ఇంగ్లీషు వచ్చిన పిల్లకు కోయ రాదు. ఇద్దరినీ ఒకే జట్టులో వేసి, అధ్యాపకురాలిని వెంట ఇచ్చి, కొన్ని వారాలు గూడేలకు పంపడానికి కళాశాలలకు అభ్యంతరమేమిటి? జీపు, బస భద్రాచలం ఐ.టి.డి.ఏ. చూడవచ్చు. వచ్చిన నివేదిక ప్రతి ఒకటి ఆసుపత్రి ప్రసూతి వార్డుకు చేరాలి.