కాలినప్పుడే కనిపిస్తామా?

రంజాన్ నెల రాగానే మాకు ఫోన్లొస్తాయి. హలీం మీదో ఇఫ్తార్ మీదో ఓ చిన్న వ్యాసం కావాలి, రేపు పొద్దున్నకల్లా పంపండి అంటారు. ఎక్కడన్నా బాంబు పేలితే మళ్లీ ఫోన్లు. మీవాళ్ల స్పందన కావాలి అంటారు. డిసెంబర్ 6 దగ్గరపడితే కవిత కావాలంటారు. తక్కిన రోజుల్లో మేం ఏం రాశామో, ఏం అచ్చేసుకున్నామో, దాన్ని ఎవరు చదివారో అడిగే దిక్కుండదు. పండక్కి సేమ్యా, పేలుడుకి సంజాయిషీ. ఈ రెంటి మధ్య మేం బతికే మూడొందల చిల్లర రోజులు తెలుగు పాఠకుడి కంట పడవు.

పాఠకుడు రచయితను ఎలా కనుక్కుంటాడన్నది మిగతావాళ్లకు అమ్మకాల సంగతి కావచ్చు. మాకది బతుకు సంగతి. మమ్మల్ని చదవనివాడు మా గురించి ఇంకెవరో చెప్పింది నమ్ముతాడు. సినిమాలో కళ్లకు సుర్మా పెట్టుకుని కత్తి నూరేవాణ్ని చూసి నమ్ముతాడు. ఫోన్‌లోకి ఎవడో తోసిన అబద్ధం చూసి నమ్ముతాడు. 2007లో మక్కా మసీదులో పేలుడు జరిగితే అనుమానం పేరుతో పట్టుకుపోయింది మా పిల్లల్నే. వాళ్లు నిర్దోషులని తేలేదాకా ఊరు వాళ్లను ఎలా చూసిందో మాకు తెలుసు. మా కథ చేరని ఇంటికి మా మీద అల్లిన కథ ముందే చేరి, పీట వేసుకుని కూర్చుంటుంది.

మేం పాఠకుల్ని సంపాదించుకున్న దారి చిన్నదేం కాదు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1992లో బాబ్రీ మసీదు కూలాక తెలుగు సాహిత్యం ఉలిక్కిపడి మా వైపు తిరిగింది. 1998లో 'జల్‌జలా', 2004లో 'వతన్', 2006లో 'అలావా' వచ్చాయి. ఈ సంకలనాలు మాకొక పాఠం నేర్పాయి. ఒంటరిగా వేసుకున్న పుస్తకం ఒంటరిగానే అటక ఎక్కుతుంది. పదిమందిమి ఒక్క అట్ట కిందికి చేరితే, ఒక్కరి కోసం వచ్చిన పాఠకుడు పదిమందినీ చూసి పోతాడు. ఒకరికున్న స్నేహితులు అందరికీ స్నేహితులవుతారు. పేరు లేనివాడికి పేరున్నవాడి పక్కన చోటు దొరుకుతుంది. మా సాహిత్యానికి పాఠకులు పెరిగింది ప్రకటనలతో కాదు, ఈ భుజాలు కలపడంతో.

ప్రగతిశీల మిత్రులారా, మీరు మమ్మల్ని చదివారు. కాదనం. మా సభలకు వచ్చారు, చప్పట్లు కొట్టారు, కన్నీళ్లు పెట్టుకున్నారు. కానీ ఎట్లా చదివారు? గాయాన్ని చూసినట్టు చదివారు, మనిషిని చూసినట్టు కాదు. బురఖా మీద రాస్తే చదివారు, తలాక్ మీద రాస్తే ఇంకా ఇష్టంగా చదివారు. సైకిల్ షాపు పెట్టుకున్న ఒక చాచా మీద, పంక్చర్ల మీద, అతని బాకీల మీద మాలో ఒకరు కథ రాసి పంపితే, 'ఇందులో ముస్లిం ఎక్కడున్నాడండీ?' అని అడిగారొక సంపాదకులు. ఆ చాచాయే ముస్లిం అని మేం ఎట్లా చెప్పాలి? మీ కథలో అప్పులపాలైన రైతు మనిషవుతాడు. మా కథలో అప్పులపాలైన చాచా ముందు ముస్లింనని రుజువు చేసుకోవాలి, ఆ తర్వాత మనిషి కావాలి.

పుస్తకాల షాపులోనూ ఇదే తంతు. మా కథల పుస్తకం కథల అరలో ఉండదు. 'మైనారిటీ' అరలో, ఓ మూల ఉంటుంది. కథ కోసం వచ్చినవాడు కథల అర చూసి పోతాడు. మా మూలకు వచ్చేది మా కోసమే బయల్దేరినవాడు. అంటే మమ్మల్ని అప్పటికే తెలిసినవాడు. తెలియనివాడు యథాలాపంగా తీసి, నాలుగు పేజీలు తిరగేసి, నచ్చి కొనుక్కునే అదృష్టం మా పుస్తకానికి లేదు. పాఠకుడు కొత్త రచయితను కనుక్కునేది ఆ యథాలాపంలోనే గదా!

ఇప్పుడు ఫోన్లు వచ్చాయి, సంపాదకుల దయ అక్కర్లేదు అంటున్నారు. కొంత నిజమే. ఎవర్నీ అడక్కుండా రాసుకోవచ్చు, పదిమందికి పంపుకోవచ్చు. కానీ అక్కడ మేం చూస్తున్నదేమిటి? కోపంతో రాసింది క్షణాల్లో ఊళ్లు దాటుతుంది. అమ్మీ పాన్‌దాన్ గురించి ప్రేమగా రాసింది పదిమంది దగ్గరే ఆగిపోతుంది. జనం ఎక్కడ ఆగి తిడతారో, ఎక్కడ కొట్లాడతారో చూసుకుని, ఆ యంత్రం దాన్నే పైకి తోస్తుంది. అది కూడా రంజాన్‌కి, పేలుడుకి ఫోన్ చేసే సంపాదకుడి తమ్ముడే. దాని వెంట పోతే మేమూ రోజూ కాలుతున్నట్టు నటించాల్సి వస్తుంది. కాలినప్పుడు ఎట్లాగూ కాలుతున్నాం. కాలని రోజున కూడా కాలినట్టు రాసి పాఠకుల్ని కూడగట్టుకోవడం మాకు వద్దు.

ఇంతవరకూ మిమ్మల్ని అన్నాం. ఇక మమ్మల్ని మేం అనుకోవాలి.

ఇన్నేళ్లుగా మేం ఎవరి కోసం రాశాం? గుండె మీద చెయ్యేసుకుని చెబితే, ఎక్కువగా మీ కోసమే రాశాం. అందుకే షీర్ ఖుర్మా అంటే ఏమిటో, పీర్లంటే ఏమిటో విడమరిచి చెప్పుకుంటూ వచ్చాం. మా మొహల్లాలో ఆ వివరణ ఎవరిక్కావాలి? మా అమ్మీల మీద కవితలు రాశాం, అమ్మీలకు చదివి వినిపించలేదు. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, రాసేది తెలుగు. ఆమెకు తెలుగు అక్షరం రాదన్న సాకు మాకు బాగా పనికొచ్చింది. చెవులు ఉన్నాయి గదా ఆమెకు! తెలుగు మీడియంలో చదివిన మా చెల్లెళ్లు, ఉర్దూ రాని దూదేకుల సోదరులు, ఊరూరా తెలుగు పేపరు తిరగేసే మా అబ్బాలు, వీళ్లంతా మా పాఠకులు కాదా? వాళ్ల గుమ్మం ఎన్నిసార్లు తొక్కాం?

దీన్ పుస్తకాలవాళ్లను చూసి సిగ్గుపడాలి మేం. శుక్రవారం నమాజ్ అయ్యేసరికి మసీదు గేటు దగ్గర బల్ల వేసుకుని తెలుగులో పుస్తకాలు పెడతారు. 'గీటురాయి' తెలుగులోనే ముస్లిం ఇళ్లలోకి పోయింది. తెలుగు చదివే ముస్లింలు లేరన్నమాట అబద్ధమని వాళ్లు రుజువు చేశారు. వాళ్లతో మాకు పేచీలు ఉండొచ్చు. కానీ వాళ్లు పాఠకుడి దగ్గరికి నడిచి వెళ్లారు. మేం వేదిక మీద కూర్చుని పాఠకుడు రాలేదని బాధపడ్డాం. ఎవరేమంటారో అన్న భయం కొంత, ఇంటి మనుషులకు సాహిత్యం ఏం తెలుస్తుందన్న పొగరు కొంత.

ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. మొహల్లాలో రేకుల ఇంటివాడూ కడుతున్నాడు. మా పుస్తకాలు తెప్పించమని మా ఊరి లైబ్రరీకి వెళ్లి అడిగినవాళ్లం ఎందరం? ఇంకో దారి తపాలా. సొంతంగా పుస్తకం వేసుకున్నవాడికి అదే ఆసరా. 2024 డిసెంబర్‌లో రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ ఎత్తేస్తే ఆ దారి ఇరుకైంది. 2025 మేలో జ్ఞాన్ పోస్ట్ అని ఇంకోటి తెచ్చారు. దారులు మూస్తుంటారు, తెరుస్తుంటారు. నడిచేవాడు ఉండాలి.

కాబట్టి మేం చేయాల్సింది మేం చెబుతున్నాం. వెయ్యి కాపీలు వేసి మంచం కింద దాచుకోవడం కన్నా, చదివిన వందమంది పేర్లు ఒక నోటు బుక్కులో రాసుకోవడం మేలు. వాళ్లలో ఒక్కొక్కరు ఇంకొకర్ని తెస్తే చాలు. వలీమాకు వెళితే కవర్లో డబ్బుతో పాటు ఒక కథల పుస్తకం పెడదాం. నెలకోసారి ఒకరింట్లో చేరి, ఆడవాళ్లు కూడా వినేట్టు, తెలుగు కథను ఇంటి భాషలో చదివి వినిపిద్దాం. అమ్మీ 'యే ఝూట్ హై' అంటే దిద్దుకుందాం. ఆ మాట అనగలిగే పాఠకురాలు ఇన్నాళ్లూ మాకు లేదు.

మీరు చేయాల్సింది కూడా చెబుతాం. మామూలు రోజున రండి. ఏ పేలుడూ లేని, ఏ పండగా కాని ఒక మంగళవారం నాడు మా పుస్తకం తీయండి. మమ్మల్ని కథల అరలో పెట్టండి. బాగా లేకపోతే బాగా లేదని చెప్పండి, జాలితో మెచ్చుకోకండి.

వచ్చే రంజాన్‌కి ఫోన్ చేస్తారు గదా, చేయండి. హలీం మీద రాసిస్తాం. దాంతోపాటు మా సైకిల్ షాపు చాచా కథ కూడా పంపుతాం. అది ఏ నెలలో వేస్తారో ముందు చెప్పండి.