బొబ్బలకు ఇమ్యూనిటీ మందా?

డెబ్బై దాటిన మనిషికి ఒళ్లంతా దురద పట్టి, ఆపైన తొడల మీద, పొట్ట మీద బిగుతుగా నీటి బొబ్బలు లేచాయనుకోండి. మనవాళ్లు వెంటనే తేల్చేస్తారు: ‘వయసు మీద పడింది, ఇమ్యూనిటీ తగ్గింది.’ ఇక కషాయాలు, లేహ్యాలు, పొడులు బయలుదేరతాయి. ఇరుగుపొరుగు అంటారు సరే, చదువుకున్నవాళ్లూ తలూపుతారు. ఇది మామూలు పొరపాటు కాదు, విషయాన్ని తలకిందులు చేయడం.

జబ్బు పేరు బుల్లస్ పెంఫిగాయిడ్. 1953లో చర్మవైద్యుడు వాల్టర్ లీవర్ దీన్ని పెంఫిగస్ అనే మరో బొబ్బల జబ్బు నుంచి విడదీసి చూపాడు. చర్మం పై పొరను కింది పొరకు పట్టి ఉంచే ప్రొటీన్లలో పదిహేడో రకం కొల్లాజెన్ ఒకటి. దాని ఒక కొస పై పొర అడుగు కణాల్లో ఉంటుంది, రెండో కొస కిందికి దిగి పొరల నడుమ నాటుకుంటుంది. రోగి ఒంట్లో యాంటీబాడీలు పుట్టేది సరిగ్గా ఈ కొల్లాజెన్ మీదికే. అవి అంటుకున్న చోట కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రొటీన్లు రేగుతాయి, తెల్లకణాలు చేరి ఎంజైములు కుమ్మరిస్తాయి, పట్టు తెగిపోతుంది, ఆ సందులోకి నీరు చేరుతుంది. ఇందులో తగ్గిన రోగనిరోధక శక్తి ఎక్కడుందో చూపించగలరా?

రుజువు కావాలంటే ఉంది. 1993లో ఝీ లియూ, లూయిస్ డయాజ్ బృందం ఎలుకల్లోని ఇదే కొల్లాజెన్‌కు విరుద్ధంగా కుందేళ్లలో యాంటీబాడీలు తయారు చేయించి, అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఎక్కించింది. పిల్లలకు బొబ్బలు లేచాయి. తరువాత కాంప్లిమెంట్‌లో ఒక ముఖ్యమైన ప్రొటీన్ లేని ఎలుకలకు అవే యాంటీబాడీలు ఇస్తే బొబ్బలు రాలేదు. న్యూట్రోఫిల్ అనే తెల్లకణాలు తీసేసిన ఎలుకలకూ రాలేదు. గమనించారా? రక్షణ వ్యవస్థలో ఒక భాగం లోపిస్తే జబ్బే రాలేదు! ‘ఇమ్యూనిటీ పెంచండి’ అనేవాళ్లు దీనికి ఏం జవాబు చెబుతారు?

ఎలుకల మాట మనకెందుకంటారా? మనుషుల్లోనే చూడండి. ఇదే కొల్లాజెన్ మీద దాడి కొందరు గర్భిణులకు బొబ్బలు తెప్పిస్తుంది. తల్లి యాంటీబాడీలు మాయ దాటి వెళ్లడంతో కొన్నిసార్లు పుట్టిన బిడ్డకూ బొబ్బలు ఉంటాయి. ఆ యాంటీబాడీలు కరిగిపోయాక బిడ్డ చర్మం దానంతటదే బాగుపడుతుంది. ఆ పసికందుకు ఏ లేహ్యం పట్టారు?

కొల్లాజెన్ పొడి తాగమనేవాళ్లు మరో రకం. తాగిన కొల్లాజెన్‌ను పేగులు ముక్కలు చేసేస్తాయి. అయినా ఇక్కడ సరుకు కొరత లేదు, ఉన్నదాని మీద దాడి ఉంది.

ఈ అపోహ వల్ల అసలు నష్టం చికిత్స దగ్గర జరుగుతుంది. డాక్టరు స్టెరాయిడ్ రాయగానే ‘ఉన్న ఇమ్యూనిటీ కూడా పోతుంది’ అని ఇంట్లోవాళ్లు మానిపించేస్తారు. స్టెరాయిడ్ మాత్రలతో ముప్పు లేదని నేను అనను. పెద్ద మోతాదులో వృద్ధుల ప్రాణానికే ముప్పు. 2002లో వెలువడిన ఫ్రెంచి పరిశోధన ఆ లెక్కే తేల్చింది: జబ్బు ఒళ్లంతా పాకినవాళ్లలో మాత్రలు మింగినవారు ఏడాదికి 58 శాతం బతికి ఉంటే, క్లోబెటసాల్ పూత వాడినవారు 76 శాతం బతికి ఉన్నారు. పూత కూడా స్టెరాయిడే కదా! దాడిని చర్మం మీదే అణచింది, ఒంటి మీద భారం తగ్గించింది. కాబట్టి డాక్టరును అడగాల్సింది ‘స్టెరాయిడ్ ఎందుకు?’ అని కాదు, ‘పూతతో సరిపెట్టవచ్చా?’ అని. షుగరుకు విల్డాగ్లిప్టిన్ లాంటి గ్లిప్టిన్ మాత్రలు వేసుకుంటుంటే ఆ సంగతీ చెప్పాలి, వాటితో ఈ జబ్బుకు సంబంధం ఉన్నట్టు తేలింది. బొబ్బ పక్కన చర్మం ముక్క తీసి పరీక్షిస్తే పొరల నడుమ యాంటీబాడీలు గీత గీసినట్టు కనిపిస్తాయి. ‘తగ్గిన ఇమ్యూనిటీ’ని ఏ పరీక్షలో చూశారో పొడులు అమ్మేవాళ్లను అడగండి.