బంకు పేరు కాదు.. కొలత చూడాలి

హెచ్‌పీ మంచిదా, భారత్ మంచిదా? బండి మీద బతికే కామాటిపుర తెలుగువాళ్లకు ఈ సందేహం మామూలే. రెండింటి రిఫైనరీలూ ముంబైలోని మాహుల్‌లోనే ఉన్నాయి. ఎస్సో 1974లో, బర్మాషెల్ 1976లో సర్కారు పరమయ్యాక వచ్చిన పేర్లివి. చమురు సంస్థలు ఒకరి సరుకు ఒకరు తీసుకుంటాయి కూడా. ఇక పేరుతో ఒరిగేదేముంది? తేడా అంతా బంకు నడిపేవాడి దగ్గరే. అనుమానమొస్తే మొహమాటపడొద్దు. 5 లీటర్ల కొలత పాత్రలో పోసి చూపమనండి. 25 మిల్లీలీటర్లకు మించి తగ్గకూడదు. వానాకాలంలో మరీ జాగ్రత్త. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాలే. బంకు ట్యాంకులోకి నీళ్లు దిగితే ఇథనాల్ వాటితో కలిసి అడుక్కి చేరుతుంది. అది బండిలో పడిందా, ఆ రోజు సంపాదన పోయినట్టే. బిల్లు మాత్రం అడిగి తీసుకోండి, ఫిర్యాదుకు అదే ఆధారం.