పత్రికలవాడు నాటకం కడితే తప్పేమిటి?

పత్రికకు వార్తలు రాసేవాడు నాటకాలంటూ, సినిమాలంటూ, టీవీలంటూ తిరిగితే "వీడు ఇంక చేతికి రాడు" అనే మాట మన జిల్లా పల్లెల్లో నేటికీ వినవస్తూనే వుంది. లైను అకౌంటు డబ్బులతో ఇల్లు గడవక హైదరాబాదు బస్సెక్కి చానళ్ళలో చేరినవారిని గురించీ, సీరియళ్ళకు మాటలు రాస్తామని బయలుదేరినవారిని గురించీ పెద్దలు అనేది ఇదే. వారి దిగులులో న్యాయం లేకపోలేదు. పోయినవారందరూ బాగుపడలేదు. అట్లని పత్రిక ఒక కులం, నాటకం మరో కులం అన్నట్లు గిరి గీసి మాట్లాడటం సరికాదు. గొల్లపూడి మారుతీరావు బ్రతుకు చూస్తే ఈ సంగతి తేటపడుతుంది.

ఆయన ముఖం ఎరగనివారు జిల్లాలో అరుదు. 1982లో "ఇంట్లో రామయ్య వీధిలో కృష్ణయ్య" వచ్చినప్పుడు ఆ పాత్రను చూసి తిట్టుకోని ఆడవాళ్ళు లేరు. తర్వాత 200కు పైగా చిత్రాలలో వేషాలు వేశారు. అయితే ఆయన మొదట పత్రికాఫీసు బల్ల ముందు కూర్చున్న మనిషి అని తెలిసినవారు కొద్దిమందే. అందులో సీమ వాటా ఎంతో తెలిసినవారు ఇంకా తక్కువ.

1939లో విజయనగరంలో పుట్టిన ఆయనకు పదిహేనేళ్ళ వయసులో మొదటి కథ "ఆశాజీవి" అచ్చయింది. అచ్చువేసింది మద్రాసు పెద్ద పత్రికేమీ కాదు. ప్రొద్దుటూరు నుంచి వెలువడే "రేనాడు" అనే చిన్న పత్రిక. తేదీ 1954 డిసెంబరు 9. ఎక్కడి విజయనగరం, ఎక్కడి ప్రొద్దుటూరు! చదువుకునే రోజుల్లోనే విశాఖలో ఆయన నడిపిన నాటక బృందం పేరు రాఘవ కళానికేతన్. ఆ పేరు వింటే మన జిల్లావారికి తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ తలపుకు రాక మానడు. 1959లో ఆంధ్రప్రభలో ఉపసంపాదకుడుగా చేరారు. చిత్తూరులో ఆ పత్రిక ఎడిషను మొదలైనప్పుడు అక్కడికి వచ్చి పనిచేశారు.

1962లో చైనా దాడి జరిగింది. యుద్ధవార్తలు దిద్ది పంపడంతో ఆయన పని అయిపోయిందని ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. ఆ దాడిపై నాటకం రాశారు. చిత్తూరు, మదనపల్లె, నగరి ప్రాంతాల్లో ఆడగా సుమారు 50 వేల రూపాయలు వసూలైతే ప్రధానమంత్రి రక్షణ నిధికి పంపారు. ఆ రోజుల్లో ఆ మొత్తం అంటే ఎంతో పాతవారికి చెప్పనక్కరలేదు. పేపరు చదవలేనివాడు కూడా ఆ నాటకం చూసి సరిహద్దులో ఏం జరిగిందో తెలుసుకున్నాడు. పత్రికల పని ఇది కాదని ఎవరనగలరు?

తర్వాత ఆకాశవాణిలో సుమారు ఇరవై ఏళ్ళు పనిచేశారు. మన పల్లెలవారు చెవి ఒగ్గి విన్న కడప కేంద్రంలోనూ వున్నారు. ఈలోగానే సినిమా రచన. 1964లో వచ్చిన "డాక్టర్ చక్రవర్తి" కోడూరి కౌసల్యాదేవి నవల ఆధారంగా తీసినది. దానికి చిత్రానువాదం ఆయనది. నవల మూడు గంటల బొమ్మగా మారాలంటే ఏది వుంచాలో, ఏది కొట్టివేయాలో తెలియాలి. పది పేజీల వార్తను పావు కాలానికి కుదించే ఉపసంపాదకుడికి ఈ విద్య ఒకరు నేర్పాలా?

ఆయన నాటకం "కళ్ళు" 1988లో ఎం.వి.రఘు దర్శకత్వంలో సినిమాగా వచ్చింది. గుడ్డి బిచ్చగాళ్ళు కూడబెట్టిన డబ్బుతో తమలో ఒకడికి ఆపరేషను చేయిస్తారు. చూపు రాగానే వాడి బుద్ధి మారిపోతుంది. పట్నం పోయి పైకొచ్చిన ప్రతి పల్లెటూరివాడూ ఈ కథను ఒకసారి చూడవలసిందే. గొల్లపూడి మాత్రం అట్లా కాలేదు. సినిమాల్లో తీరిక లేనప్పుడు కూడా "జీవన కాలమ్" పేరుతో చాలా ఏళ్ళు పత్రికలకు రాశారు. టీవీకి వచ్చినప్పుడు తోటి కథకులను "వందేళ్ళ తెలుగు కథకు వందనాలు" కార్యక్రమంతో జనానికి పరిచయం చేశారు. 1992లో తొలి చిత్రం తీస్తూ కన్నుమూసిన కొడుకు శ్రీనివాస్ పేర కొత్త దర్శకులకు బహుమతి పెట్టారు. 2019 డిసెంబరు 12న చెన్నైలో మరణించేనాటికి ఆయన ఏ వృత్తివాడంటే ఒక్కమాటలో చెప్పడం కష్టం.

ఇక మన సంగతి. ఈ గడ్డ కళలకు గొడ్డు పోలేదు. నాటకానికి రాఘవ, సినిమాకు "పాతాళభైరవి", "మాయాబజార్" తీసిన కె.వి.రెడ్డి, ఇద్దరూ తాడిపత్రిలో పుట్టినవారే. తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం పత్రికా సంపాదకుడుగా వుంటూనే ఈ ప్రాంతపు కరువును "పెన్నేటి పాట"గా రాశారు. కాని తెరమీద సీమ ఎట్లా కనిపిస్తున్నది? 1999లో "సమరసింహారెడ్డి" ఆడిన నాటినుంచి వేటకొడవళ్ళు, నాటుబాంబులు, తెల్ల సుమోలు. బుడ్డల చేను ఎండిపోవడం ఎట్లా వుంటుందో చూడనివారు రాస్తే అట్లాగే వుంటుంది మరి. వారిని తిట్టి లాభం లేదు. చూసినవారు రాయలేదు.

ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే చోట బోరు వేయించడం కంటే నాటకం ఏం కావాలి? అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని నీటిజాడ చూపేవాడు వస్తాడు. కాయ లేచి నిలబడితే అక్కడ టెంకాయ కొట్టి పూజ చేస్తారు. చీకటి పడ్డాక బోరు లారీ వస్తుంది. వంద అడుగులకు ఇంత అని లెక్క. మూడు వందలు, నాలుగు వందలు, ఐదు వందలు. ఒకటే తెల్లటి దుమ్ము. ఇంటాయన ఆపమంటాడు, కొడుకు ఇంకో యాభై అంటాడు. తాళిబొట్టు మాత్రం మిగిలిన ఇల్లాలు నోరు విప్పదు. తెల్లవారి విలేకరి వస్తాడు. పేపర్లో నాలుగు లైన్లు పడుతుంది. ఆ రాత్రి అక్కడ ఎవరేమన్నారో ఆ నాలుగు లైన్లలో వుండదు, వుండేందుకు చోటూ లేదు. విలేకరి నోటుబుక్కులో వుంటుంది.

ఆ నోటుబుక్కు ఊరి నాటకానికి పనికి రావాలి. జాతరలకు వేల రూపాయల చందా పోగుచేసి రికార్డు డాన్సు పిలిపించేవారు అందులో కొంత ఊరి కుర్రవాళ్ళు కట్టే నాటకానికి తీసిపెట్టవచ్చు. కురుక్షేత్రం, హరిశ్చంద్ర పద్యాలు పాడించే హార్మోనియం మాస్టర్లు ఇంకా అక్కడక్కడా వున్నారు. వారు పోకముందే పిలవాలి. నిమ్మలకుంటలో తోలుబొమ్మలాడించిన కుటుంబాలవారు నేడు అదే తోలుతో దీపాల గుడ్డీలు చేసి పట్నాలకు అమ్ముకుంటున్నారు. వారి చేత బొమ్మ కోయించి, రాముడు, రావణుడితోపాటు బోరు లారీని కూడా తెరమీద నిలబెట్టమంటే కాదనరు.