కుర్రాడి భుజాన కోట్ల మూట

ఐపీఎల్ వేలంలో ఒక ఆటగాడు 15 కోట్లు పలికాడంటే ఆ సొమ్ము అతగాడికే ముడుతుంది. ఫుట్‌బాల్‌లో అలా కాదు. యూరప్‌లో ఒక క్లబ్బు ఇంకో క్లబ్బు నుంచి ఆటగాణ్ని తెచ్చుకోవాలంటే 'ట్రాన్స్‌ఫర్ ఫీజు' కట్టాలి. ఆ డబ్బు ప్రధానంగా అతణ్ని వదులుకున్న క్లబ్బుకే వెళ్తుంది. ఆటగాడికి దక్కేది జీతం. దానికి వేరే ఒప్పందం ఉంటుంది. అయితే చిత్రమేమిటంటే... డబ్బు క్లబ్బు ఖాతాలో పడుతుంది, ఆ అంకె మాత్రం ఆటగాడి పేరు పక్కన తోకలా మిగిలిపోతుంది. గోల్ కొడితే 'అంత పెట్టారు మరి' అంటారు. కొట్టకపోతే 'ఇందుకా అంత పెట్టింది' అంటారు!

ఆ తోక ఎంత బరువుంటుందో డెన్మార్క్ కుర్రాడు రాస్మస్ హోయ్‌లుండ్‌కి బాగా తెలుసు.

2003 ఫిబ్రవరి 4న కోపెన్‌హాగెన్‌లో పుట్టాడు రాస్మస్. తండ్రి ఫుట్‌బాల్ ఆడినవాడు. తల్లి వంద మీటర్ల పరుగుపందేల్లో పాల్గొన్నావిడ. అతని వేగం చూసినవాళ్లు అది తల్లి పోలికేనంటారు. తర్వాత పుట్టిన కవల తమ్ముళ్లు ఎమిల్, ఆస్కార్ కూడా ఫుట్‌బాల్‌నే వృత్తిగా ఎంచుకున్నారు. డెన్మార్క్ జనాభా అంతా కలిపి 60 లక్షలకు అటూఇటూ. యూగోస్లావియాను పక్కన పెట్టడంతో చివరి నిమిషంలో అవకాశం దక్కించుకుని, 1992లో ఏకంగా యూరోకప్పే ఎగరేసుకుపోయిన దేశమది. అయినా అక్కడి పిల్లలు పెద్ద లీగుల్లో ఆడాలంటే ఇల్లు దాటాల్సిందే.

రాస్మస్ 2022 జనవరిలో దాటాడు. అప్పటికింకా 19 నిండలేదు. సొంతూరి క్లబ్బు ఎఫ్‌సీ కోపెన్‌హాగెన్‌లో ఎక్కువగా సబ్‌స్టిట్యూట్‌గానే దిగేవాడు. ఆస్ట్రియాలోని స్టుర్మ్ గ్రాజ్ పిలిచింది. అక్కడ గోల్స్ కొట్టాడు. ఏడు నెలలు తిరక్కుండానే ఇటలీలోని అటలాంటా తీసుకెళ్లింది. అక్కడి లీగ్‌లో 9 గోల్స్ కొట్టాడు. 2023 మార్చిలో డెన్మార్క్ తరఫున ఫిన్లాండ్ మీద హ్యాట్రిక్! అంతే... ఆ ఆగస్టులో ఇంగ్లండ్ నుంచి మాంచెస్టర్ యునైటెడ్ వచ్చి 6.4 కోట్ల పౌండ్లు బల్లమీద పెట్టింది. మన లెక్కలో 670 కోట్ల రూపాయల పైమాటే. పైగా అతను బాగా ఆడితే మరో 80 లక్షల పౌండ్లు. ఏడాదిన్నర క్రితం బెంచీ మీద కూర్చున్న అబ్బాయి వయసు అప్పటికి 20.

ఇక అక్కణ్నుంచి మొదలైంది అసలు పరీక్ష.

ఛాంపియన్స్ లీగ్‌లో మొదటి ఆరు మ్యాచ్‌ల్లో 5 గోల్స్ కొట్టాడు. అందులో రెండు కోపెన్‌హాగెన్‌లోనే, తాను పెరిగిన క్లబ్బు మీదే. ఆ రాత్రి రెండు గోల్స్ ఆధిక్యంలో ఉన్న యునైటెడ్ చివరికి 3-4తో ఓడిపోయింది. ప్రీమియర్ లీగ్‌లో మాత్రం ఖాతా తెరుచుకోలేదు. ఒకటి కాదు, రెండు కాదు... 14 మ్యాచ్‌లు! స్ట్రైకర్ పని గోల్ కొట్టడం. డిఫెండర్ పది పొరపాట్లు చేసినా ఒక్కోసారి కంటపడవు. స్ట్రైకర్ ఖాతాలో సున్నా ఉంటే ఊరంతటికీ కనిపిస్తుంది. బంతి అతని దాకా సరిగ్గా అందుతోందా లేదా అని అడిగేవాళ్లు తక్కువ.

2023 డిసెంబరు 26న ఆస్టన్ విల్లా మీద ఆ కట్ట తెగింది. 0-2తో వెనకబడిన జట్టు 2-2కి వచ్చింది. మ్యాచ్ ముగింపు దగ్గరపడగా గెలిపించే గోల్ రాస్మస్‌దే. ఆ తర్వాత ఆగితేనా! వరసగా ఆరు లీగ్ మ్యాచ్‌ల్లో గోల్స్ కొట్టి, ప్రీమియర్ లీగ్‌లో ఆ ఘనత సాధించిన అతిపిన్న వయస్కుడయ్యాడు. 2024 ఎఫ్ఏ కప్ సెమీఫైనల్లో కొవెంట్రీ మీద జట్టును గట్టెక్కించిన ఆఖరి పెనాల్టీ కూడా అతనిదే. ఆ కప్పు యునైటెడ్‌కే వచ్చింది.

కథ అక్కడితో సుఖాంతమైతే బాగుండేది. కానీ ఆట అలా ఉండదు. మరుసటి సీజన్లో యునైటెడ్ కోచ్ మారాడు, ఆడే పద్ధతి మారింది, జట్టు 15వ స్థానానికి జారింది. రాస్మస్ లీగ్ గోల్స్ నాలుగే. మధ్యలో వరసగా 21 మ్యాచ్‌లు గోల్ లేకుండా గడిచాయి. 2025 మార్చి 16న లీసెస్టర్ మీద ఆ కరవు తీరింది. నాలుగు రోజులకే డెన్మార్క్ తరఫున సబ్‌స్టిట్యూట్‌గా దిగి పోర్చుగల్ మీద ఏకైక గోల్ కొట్టాడు. సంబరంతో గాల్లోకి ఎగిరి తిరిగి... అచ్చం రొనాల్డోలా నిలబడ్డాడు. ఎదుటి జట్టులో సాక్షాత్తూ ఆ రొనాల్డోనే! అది ఎగతాళి కాదనీ, చిన్నప్పట్నుంచీ తన అభిమాన ఆటగాడు ఆయనేననీ తర్వాత చెప్పుకున్నాడు. మూడు రోజులకు రొనాల్డో బృందం 5-2తో బదులు తీర్చుకుందనుకోండి, అది వేరే సంగతి.

2025 వేసవిలో యునైటెడ్ ఇంకో యువ స్ట్రైకర్‌ని తెచ్చుకుంది. సెప్టెంబరు మొదట్లో రాస్మస్‌ని ఇటలీలోని నపోలీకి అరువిచ్చింది. తొలి మ్యాచ్‌లోనే ఫియోరెంటీనా మీద గోల్. అక్టోబరు 1న ఛాంపియన్స్ లీగ్‌లో స్పోర్టింగ్ మీద రెండు. ఆ రెండింటికీ బంతి అందించింది కెవిన్ డిబ్రూయిన్. కాళ్లు అవే, వేగం అదే. మారిందల్లా బంతి అందించే చేతులు... కాదు, కాళ్లు!

అందుకే ఈ కుర్రాడి కథ ఫుట్‌బాల్ తెలియని ఇంట్లోనూ చెప్పుకోదగ్గది. 'నీ మీద ఇంత ఖర్చు పెట్టాం' అనే మాట పిల్లల చెవిన వేసే ముందు ఒక్క క్షణం ఆగాలి. ధర కట్టింది పెద్దవాళ్లు. మోస్తున్నది చిన్నవాళ్లు. గోల్ పడని రోజుల్లో వాళ్లకు కావాల్సింది లెక్కల పుస్తకం కాదు, సరైన సమయంలో ఒక మంచి పాస్.